తొమ్మిదో పొర

కోఠీలో బస్సు దిగి నాలుగు సందులు తిరిగానో లేదో
ముక్కు చెప్పింది, వచ్చేశామని.
మూసీ వాసన మారలేదు.
మారిందల్లా సాహిల్ మంజిల్.

గేటు దగ్గర టికెట్టు యాభై.
నలభై ఏళ్ల కింద ఇదే గేటులో
ఆలస్యమైన రోజు ఖాదర్ మియా చేతిలో
గుప్పెడు రేగుపళ్లు పోస్తే సరిపోయేది.

అప్పుడిది మా కాలేజీ.
దర్బారులో బాటనీ, జనానాలో లెక్కలు,
గుర్రాలశాలలో క్యాంటీను.
సమోసా కొరికిన ప్రతిసారీ
గోడల్లోంచి గుర్రాల చెమట వాసనొస్తోందని
తస్నీం ఒట్టు పెట్టి చెప్పేది.
వానాకాలం పైకప్పు కారేది.
జువాలజీ మేడం ఒక చేత్తో గొడుగు పట్టుకుని
ఇంకో చేత్తో
బోర్డు మీద కప్ప గుండె గీసేది.

ఇవాళ ఎక్కడా చుక్క కారదు.
స్తంభాలన్నీ తలంటుకుని
ఎండలో నిలబడ్డ పెళ్లివారిలా ఉన్నాయి.
తోటలో మొక్కలకి పేర్ల చీటీలు.
మేం రాళ్లు విసిరిన జామచెట్టు లేదు,
దాని చోట ఫౌంటెను. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి,
ఈ నదివి కావని చూడగానే తెలుస్తుంది.

గైడు పిల్ల ఝూమర్ల గురించి చెబుతోంది.
నేను గుంపులోంచి జారి
వెనక మెట్ల వైపు వెళ్లాను.
ఏడో మెట్టు దగ్గర, చెయ్యి ఆనే ఎత్తులో,
కంపాసు ముల్లుతో గీసిన రెండు పేర్లుండాలి.
నాది తెలుగులో, ఎడమనుంచి.
తనది ఉర్దూలో, కుడినుంచి.
చోటు చూసుకోకుండా మొదలుపెట్టాం.
మధ్యలో ఢీకొన్నాయి.
నా చివరి అక్షరం మీద
తన చివరి అక్షరం ఎక్కి కూర్చుంది.

గోడ ఇప్పుడు గుడ్డు పెంకులా ఉంది.
అరచేత్తో తడిమాను, రెండుసార్లు.

"పైలమమ్మా, ఇంకా పచ్చిగుంది" అన్నాడు
కింది మెట్టు మీద తాపీ కడుక్కుంటున్న పెద్దమనిషి.
బుగ్గయ్యట, నారాయణపేట దిక్కు.
సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు, మినప్పిండి
ఎంతెంత కలపాలో అడక్కుండానే చెప్పాడు.
"తొమ్మిది పొరలు గీకినమమ్మా.
పైన డిస్టెంపరు, దానికింద సర్కారు పచ్చరంగు,
ఆఖరికి నవాబుల నాటి గులాబీ తేలింది."

మరి పేర్లు?

"మస్తుగుండె. చదువుకుంటనే గీకినం.
తెలుగువి నేను, ఉర్దూవి మా జోడీ సర్వర్.
ఒకటుండె, ఒకదాంట్లో ఒకటి చిక్కుకొని.
సగం నేను చదివిన, సగం వాడు చదివిండు."

వరద గీత మాత్రం ఉంచారు.
తాతల నాటి నీళ్లు ఎంత ఎత్తు ఎక్కాయో
గోడ మీద గోధుమరంగు చార,
పక్కన ఇత్తడి పలక, తాకరాదని తాడు.
నది గోడ పాడుచేస్తే పలక కొట్టారు.

కర్ఫ్యూ ఎత్తేశాక క్లాసులు మొదలైన సోమవారం
తస్నీం కుర్చీ ఖాళీ.
మంగళవారం కూడా.
వాళ్లిల్లు ఆవలి గట్టున, ఒక్క వంతెన దూరం.
అటు వెళ్లొద్దన్నాడు నాన్న.
సరే అన్నాను.
ఆ సరే అనడానికి
నేనసలు కష్టపడలేదు.

"గీకిందంతా ఏం చేశారు?"
"పారేస్తమా? జల్లెడ పట్టి
ఏటికాడికి పోయే బాట కింద పోసినం."

బాట తెల్లగా, నున్నగా ఉంది.
అటూ ఇటూ మల్లెపొదలు,
ఇంకా వేరు పట్టని చిన్నవి.
మెల్లగా నడిచాను, ఎవరి పేరు మీద
కాలు పడుతోందో తెలీక.
చివర ఇనప కటకటాలు.
అవతల మూసీ, సబ్బు నురుగు మోసుకుంటూ.
ఇంత మరమ్మతులో దానివంతు రాలేదు.

ఆవలి గట్టు డాబా మీద ఎవరో ఒకావిడ
దుప్పటి దులుపుతోంది.
ఈ వయసు ఆడవాళ్లందరం దూరానికి
ఒకేలా కనిపిస్తామేమో.

వాచ్‌మన్ విజిల్ వేశాడు, ఆరయిందని.
చెప్పులకి తెల్లటి దుమ్ము.
దులపకుండా బయటికొచ్చాను.
కుడికి తిరిగితే బస్టాపు.
ఎడమకి వంతెన.